కిటికీకి దళసరి పరదా

దర్జీ నాగూర్ వలి కిటికీకి టేపు పట్టి కొలుస్తుంటే, మంచం మీద గోపాలకృష్ణయ్య ఎడమచేత్తో మంచంపట్టెను దబదబా బాదాడు. పక్షవాతం వచ్చి ఏడాదయింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆ ఎడమచెయ్యీ, రెండు కళ్ళూ మిగిలాయి.

"అయ్యగారు ఏందో అంటన్నారమ్మా," అన్నాడు వలి.

"రంగు నచ్చిందంటున్నార్లే," అంది ఆయన భార్య సుశీల.

ఆమె ఎంచుకున్నది ముదురు కాఫీరంగు గుడ్డ. గుంటూరు నుంచి తెప్పించింది. పట్టుకుంటే జంపఖానాలా బరువుగా ఉంది.

"దీనికే వెలుతురు ఆగిపోద్ది. వెనకమాల నల్ల లైనింగు కూడా ఎందుకమ్మా? గది చానా చీకటైపోద్ది."

"ఆయనకి వెలుతురు పడదు. నువ్వు కుట్టు. నేలదాకా రావాల."

మాచర్ల స్టేషను దారిలో నాపరాళ్ళ ఇల్లు వాళ్ళది. రాళ్ళ క్వారీ నడిపినన్నాళ్ళూ గోపాలకృష్ణయ్య మాటకు ఎదురన్నది లేదు. మంచాన పడ్డాక ఆయన లోకమంతా ఆ కిటికీయే అయింది. రైలు దిగి వచ్చే జనాన్నీ, రాళ్ళ లారీలనీ, సోడాబండినీ చూస్తూ పడుకునేవాడు. స్నేహితులు ఆగి ఊచల్లోంచి పలకరిస్తే మూతి ఒక పక్కకే సాగదీసి నవ్వేవాడు.

ఆ నవ్వునే సుశీల ఓర్వలేకపోయింది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అదే కిటికీ దగ్గర గాజులవాడితో బేరమాడుతూ ఏదో మాటకు నవ్వింది. ఆ సాయంత్రమే గోపాలకృష్ణయ్య కిటికీ రెక్కలు మూసి, మేకులు పెట్టి దిగ్గొట్టాడు. "వీధులు చూసే ఆడది నా ఇంట్లో ఎందుకే?" అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ రెక్కలు తెరుచుకోలేదు. ఆయన పడిపోయాక, మనిషికి గాలి తగలాలని జానకిరామయ్య అనే స్నేహితుడు వచ్చి మేకులు పీకించాడు. కాసేపటి పని. అవి అంత తేలిగ్గా ఊడతాయని సుశీలకు అప్పటిదాకా తెలియదు.

పరదా వేలాడదీసిన రోజున గోపాలకృష్ణయ్య చీకటిపడేదాకా మంచంపట్టెను బాదుతూనే ఉన్నాడు. ఆమె వేళకు అన్నం పెట్టింది, పక్కబట్టలు మార్చింది, వీపుకు పౌడరు అద్దింది. ఏ లోటూ చెయ్యలేదు.

నాలుగు రోజులకు జానకిరామయ్య లోపలికొచ్చాడు.

"ఏందమ్మా ఈ చీకటి? మనిషి మొహం ఆనటంలా."

"ఎండపొడ తగిలితే కళ్ళెంట నీళ్ళు కారిపోతన్నయ్యి అన్నయ్యా. వెలుతురు తగలనీయొద్దన్నాడు డాక్టరు."

గోపాలకృష్ణయ్య స్నేహితుడి పంచె అంచు పట్టుకుని, పరదా వైపు గడ్డం ఊపుతూ గొంతులో గురగురమన్నాడు. జానకిరామయ్య ఆ వేళ్ళను మెల్లగా విడదీశాడు. "ఊరుకోరా. ఇట్టా కనిపెట్టుకోనుండే ఇల్లాలు ఎవరికి దొరుకుద్ది?" అని, వెళుతూ వెళుతూ సుశీలకు నమస్కారం పెట్టాడు. దారినపోయే స్నేహితులు కొన్నాళ్ళు బయటినుంచే కేకేశారు. పలికేవాళ్ళు లేక మానేశారు.

చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు డప్పులు ఇంటి ముందుగా వచ్చాయి. గోపాలకృష్ణయ్య మంచంపట్టెను కొట్టలేదు. ఆమె వైపు చూసి, చెయ్యి పైకెత్తి, దణ్ణం పెట్టినట్టు నుదుటికి ఆనించుకున్నాడు. ఆయన ఎవరికైనా దణ్ణం పెట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు.

సుశీల పరదా అంచు ఎత్తి, తానే కిటికీకీ పరదాకీ మధ్య దూరి నిలబడింది. ఊచలు పట్టుకుని చూసింది. కొత్త చీరలు, భుజాల మీద పిల్లలు, రంగు బూరలు. ఆ జనంలో ఒక్క మొహమూ గుర్తుపట్టలేకపోయింది. ఇన్నేళ్ళు ఉన్న ఊరు. అయినా చివరి డప్పు దూరమయ్యేదాకా కదల్లేదు.

పరదా చాటునుంచి బయటికి వచ్చి కంచంలో అన్నం కలిపి ముద్ద అందించింది. ఆయన నోరు తెరవలేదు. ఆమెను చూడలేదు కూడా. తల వాల్చి, పరదా కింద నేలమీద పడిన సన్నటి వెలుతురు చారను చూస్తున్నాడు. ఎవరో ఆ దారిన నడిచినట్టున్నారు, చార మీద నీడ కదిలింది. ఆయన కళ్ళు ఆ నీడ వెంట చివరిదాకా వెళ్ళాయి.

"తినకపోతే మీ ఇష్టం," అంది సుశీల.

మర్నాడు పొద్దున్నే పరదా దించి వసారాలో కూర్చుంది. కింది అంచులో వలి మడత బాగానే వదిలాడు. ఆ కుట్టు విప్పి, గుడ్డ అంగుళం కిందికి దించి, సూదీదారం తీసుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.