మూలదాకా నడిచి రండి

ఆ ఇంటి కోడలి లెక్కలో, అత్తగారికి లోకంలో మంచివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆవిడే, రెండోవారి కోసం ఇంకా వెతుకుతున్నారు. కన్నకొడుకుని ఎప్పుడో పరిశీలించి పక్కన పెట్టేశారు. చెప్పుల కొట్టు పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ కొత్త జోడు తొడిగి, "అలా వీధి మూలదాకా నడిచి రండి, కరవకపోతేనే కొనండి" అనేవాణ్ణి ఏ తల్లి మెచ్చుకుంటుంది?

మిల్లు మూతపడ్డాక ఊళ్ళో అందరి చేతులూ బిగుసుకున్నాయి. వీధిలో సగం షట్టర్లు దిగిపోయాయి. నెలాఖరుకి బేరాలు పుంజుకోకపోతే వీళ్ళూ కొట్టు ఖాళీ చేయాల్సిందే. అప్పుడే అత్తగారు వచ్చి గల్లాపెట్టె దగ్గర కుర్చీ వేసుకున్నారు. వస్తూనే ఆ నడకను రద్దు చేశారు.

"వాళ్ళని మూలదాకా పంపితే మనమే మూలన పడతాంరా. అసలే గడ్డురోజులు. కొత్త చెప్పులు కాళ్ళకుంటే ఎవడైనా వెనక్కి తిరుగుతాడా?"

కొడుకు బుద్ధిగా తలూపాడు. అతని నోరు పుట్టినప్పటినుంచీ తల్లి దగ్గర తాకట్టులో ఉందని కోడలి అనుమానం.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూర్చునే తొడుక్కుని, వేళ్ళు కదిపి చూసి, "మళ్ళీ వస్తాం" అంటూ పాతవాటిలోకే దూరేవారు.

ఓ మధ్యాహ్నం భర్త సరుకు కోసం వెళ్ళాడు. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. అప్పుడొచ్చింది ఒక నర్సు.

"రోజంతా నిలబడే ఉద్యోగమక్కా. కరిస్తే ఇంకో జోడు కొనే రోజులా ఇవి?"

కోడలు అత్తగారి గురకను శ్రద్ధగా విని, గొంతు తగ్గించి, "మూలదాకా నడిచి రండి" అంది.

నర్సు వెళ్ళింది. తిరిగి రాలేదు. అత్తగారు మాత్రం లేచారు.

"గుమ్మంలో ఆ అరిగిపోయిన చెప్పులెవరివే?"

"మూలదాకా వెళ్ళింది అత్తయ్యా."

"ఏ ఊరి మూలకి?"

సరుకుతో వచ్చిన భర్త విషయం విని, "వస్తుందిలే అమ్మా" అన్నాడు.

"ఆఁ, వస్తుంది. చెప్పులకి తగ్గ సంచీ కూడా ఇమ్మని వస్తుంది!"

కోడలికి నవ్వు రాలేదు. రేపు కొట్టు మూతపడితే ఆ పాపం ఏడు తరాలదాకా తన పేరు మీదే ఉంటుంది.

దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో అడుగుల చప్పుడు. ముందు ఆ నర్సు, వెనక ఇంకో నలుగురు.

"ఏమీ అనుకోకక్కా. మూలకి చేరానో లేదో, వెంటనే రమ్మని ఆస్పత్రి నుంచి ఫోను. అటునుంచి అటే పరిగెత్తాను. ఇంతసేపు నిలబడ్డా కాళ్ళు నొప్పి పుట్టలేదు. వీళ్ళేమో ఎక్కడ కొన్నావని అడిగారు. ఇంకా కొనలేదు, నడిచి చూస్తున్నానన్నాను. అలాంటి కొట్టు ఉందా అని వెంటపడ్డారు!"

వాళ్ళలో పెద్దావిడ అడిగింది: "మమ్మల్నీ నడవనిస్తారా?"

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ దారికి అడ్డంగా ఉన్న తన కుర్చీని పక్కకి జరుపుకున్నారు.

"నడవకపోతే ఎలా తెలుస్తుందమ్మా? వెళ్ళిరండి."

నలుగురూ వెళ్ళారు, నలుగురూ వచ్చారు, నలుగురూ కొన్నారు. నర్సు కూడా తన జోడుకి డబ్బు కట్టేసింది. మిగతా వార్డులవాళ్ళని రేపు పంపుతానని పెద్దావిడ మాటిచ్చింది. భర్త ఈల వేసుకుంటూ రేపటికి కావలసిన సైజులు దించడానికి నిచ్చెనెక్కాడు. చాలా రోజుల తర్వాత కోడలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"నడక వద్దన్నది నేనే కదూ?"

"అవునత్తయ్యా."

ఆవిడ ఏదో గొణిగారు.

"వినపడలేదత్తయ్యా," అంది కోడలు అమాయకంగా. నిచ్చెన మీద ఈల ఆగిపోయింది.

"తప్పు నాదేనే అన్నాను!" వీధి మూలదాకా వినపడేలా అరిచారు అత్తగారు.