మనీలాలో రాత్రి ఎనిమిది

"పోలీసులు బయల్దేరారు," అందరూ మామా అని పిలిచే ఇంటి యజమానురాలు ఫోన్‌ను సోఫా మీదికి విసిరింది. "వాళ్లు వచ్చేలోగా గాజు బయట పెట్టు. లేదంటే ఖలాస్. ముందు జైలు, తర్వాత విమానం. మళ్లీ కువైట్‌లో అడుగు పెట్టలేవు."

గంగులమ్మ సంచి హాల్లో బోర్లించి ఉంది. రెండు నైటీలు, తలనూనె సీసా, నర్సింగ్ చదువుతున్న కూతురి ఫోటో. గాజు లేదు.

"నేను తీయలేదు మామా. మూడింటికి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను."

"ఎవరు చూశారు?"



మామా రెండున్నరకు పై గదిలో నిద్రపోయేముందు వజ్రాల గాజు అద్దం ముందు పెట్టింది. మూడున్నరకు లేచేసరికి మాయం. ఆ గంటలో ఇంట్లో ఉన్నది పనిమనిషి గంగులమ్మ, డ్రైవర్ సూరిబాబు. ఇద్దరే. గేటు కెమెరాలో మూడో మనిషి లేడు.

"నేను చూశాను మామా," సూరిబాబు అరబీలో మళ్లీ చెప్పాడు. "మూడింటికి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. టీవీలో వాళ్ల ఫిలిప్పీన్ సీరియల్ వస్తోంది. గంగులమ్మ ఒక్కతే చూస్తోంది. మధ్యలో లేచి పైకి వెళ్లింది. అప్పుడే నేను కారు దగ్గరికి వెళ్లిపోయాను."

మామా తలాడించింది. రోజూ మూడయితే గంగులమ్మ, ఫిలిప్పీన్ పనిమనిషి మారిసెల్ ఆ సీరియల్‌కు అతుక్కుపోతారని ఆమెకు తెలుసు. పిలిచినా పలకరు.

"ఈ రోజు పెట్టలేదు మామా! మారిసెల్ చర్చికి పోయింది. ఆమె కథ చెప్పకపోతే నాకేం అర్థమవుతుంది?"

సూరిబాబు దగ్గరికి వచ్చి తెలుగులో గొంతు తగ్గించాడు. "ఒప్పేసుకో గంగులమ్మక్కా. కాళ్ల మీద పడితే ఒదిలేత్తాది."

"ఏం జేసినానని ఒప్పుకునేది రా? వారం వారం నీకు సంగటి గెలికి పెట్టినందుకా?"

"నా మీద అరుత్తావేంటి? సూసింది సెప్పాను."

"నీ కండ్లు పేలిపోను! యాడ జూసినావు?"

తలుపు తెరుచుకుంది. మారిసెల్. చర్చి బట్టల్లోనే ఉంది. బోర్లించిన సంచినీ గంగులమ్మ మొహాన్నీ చూసి ఆగిపోయింది. మామా నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పింది.

మారిసెల్ సూరిబాబు వైపు తిరిగింది. "ఏ సీరియల్ చూశావు?"

"మీదే. రోజూ మూడింటికి వచ్చేది."

"బాగా చూశావా?"

"చూశాను. ఆ ముసలి దొరసాని కోడలిని తిడుతోంది. సౌండు కూడా ఎక్కువే పెట్టింది."

"మామా," మారిసెల్ నెమ్మదిగా అంది, "ఇక్కడ మూడంటే మనీలాలో రాత్రి ఎనిమిది. అక్కడ అందరూ సీరియళ్లు చూసే వేళ. కానీ రేపు గుడ్ ఫ్రైడే. మా దేశంలో ఈ రోజు నుంచి శనివారం దాకా సీరియళ్లు ఆపేస్తారు. ఏటా అంతే. ఈ రోజు మూడింటికి ఆ చానల్లో వచ్చింది ఏసు సినిమా."

మామా సూరిబాబు వైపు తిరిగింది.

"నిన్నటి... నిన్నటిది అనుకున్నాను," సూరిబాబు నాలుక తడబడింది. కాలు ఒక అడుగు తలుపు వైపు జరిగింది.

మామా వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. బయట కారు ఆగిన చప్పుడు.

"ఇంట్లో ఉన్నది మీరిద్దరే," మామా అంది. "అబద్ధం చెప్పింది ఒకరు. పోలీసులకు ఎవరి పేరు చెప్పమంటావు గంగులమ్మా?"

గంగులమ్మ కూతురి ఫోటో తీసి గుండెకు అదుముకుని లేచి నిలబడింది.

"సూరిబాబు, మామా. దొంగ సూరిబాబు."