కమలాకర్ అన్న ఇచ్చిన తొమ్మిది పేర్లు

మా వార్డు మహిళా కమిటీలో పదిహేను మంది సభ్యులు. అందులో తొమ్మిది పేర్లు కమలాకర్ అన్న ఇచ్చినవే. ఆయన భార్య కృష్ణమ్మ, ఇద్దరు కోడళ్లు, ముగ్గురు చెల్లెళ్లు, ముగ్గురు మరదళ్లు. చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు, నేను సంతకం చేశాను. నేనంటే ఆ వార్డు కౌన్సిలర్ భాగ్యశ్రీని. తిట్టాలంటే నన్నే తిట్టాలి, ఆ పని నేను రోజూ చేసుకుంటూనే ఉన్నాను.

కమలాకర్ అన్నకు ఆత్మకూర్ పోయే రోడ్డు మీద ఫంక్షన్ హాలుంది. నా ఎన్నికలప్పుడు టెంట్లు, మైకు, కుర్చీలు, రెండు పూటలా భోజనాలు అన్నీ ఆయనవే. బిల్లు అడిగితే మనలో మనకు బిల్లేమిటని నవ్వేశాడు. గెలిచాక ఎన్నికల ఖర్చుల కాగితం నింపుతూ కుర్చీల దగ్గర ‘సొంతవి’ అని రాశాను. మా ఇంట్లో ఉన్నవి నాలుగే కుర్చీలు, అందులో ఒకటి గోడకు ఆనిస్తే తప్ప నిలబడదు. సిగ్గు లేకుండా రాశాను. ఆ తర్వాత ఆయన ఏది అడిగినా కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఆ తొమ్మిది పేర్లు ఎందుకిచ్చాడో నెల తిరగకముందే తెలిసింది. ఈ ఏడు మా వార్డుకు ఒక్కటే నీళ్ల పైపులైను మంజూరైంది. ఎటు వేయాలో మహిళా కమిటీ తీర్మానం చేసి పంపాలని, అటే వేయిస్తానని కమిషనర్ చెప్పాడు. ఒకవైపు హాల్లో గిన్నెలు తోమే బిక్షమ్మ వాళ్ల గల్లీ. నలభై ఇళ్లు, ఒక్క నల్లా లేదు, ట్యాంకర్ ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. ఇంకోవైపు ఫంక్షన్ హాలు వెనకాల కమలాకర్ అన్న కొత్తగా చేసిన ప్లాట్లు. హాలుకు బోరుంది. నీళ్లు కావలసింది ప్లాట్ల ధరకు.

బిక్షమ్మ గల్లీలో నేను గడప గడపకూ తిరిగి నల్లా వేయిస్తానని మాటిచ్చాను. నేను పెరిగిందీ అలాంటి గల్లీలోనే, నా నడుముకూ బిందె బరువు తెలుసు. కమిటీలో కౌన్సిలర్‌కు ఓటు లేదు. తొమ్మిది మంది అటు, ఆరుగురు ఇటు. లెక్కల్లో నేను ఎప్పుడూ వెనకే గానీ ఈ లెక్క మాత్రం బాగానే అర్థమైంది.

మీటింగుకు ముందురోజు బిక్షమ్మ మా ఇంటికి వచ్చింది. ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“అయితదా కాదా జర నిజం చెప్పు బిడ్డా. కాకుంటె ఆశ పెట్టకు,” అంది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి టీ పెట్టి ఇచ్చాను. ఆమె సగం తాగి వెళ్లిపోయింది.

మీటింగు బడిలో పెట్టాం. కమలాకర్ అన్న తన వాళ్లందరినీ రెండు కార్లలో తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. ప్లాట్ల పేరు రాగానే చేతులెత్తాలని చెప్పి, మగవాళ్లు లోపల ఉండకూడదు కాబట్టి వరండాలోకి వెళ్లాడు. నేను రెండు ప్రతిపాదనలూ చదివాను.

అప్పుడు కృష్ణమ్మ లేచింది. హాల్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగినా ఆమె మాట బయటికి రాగా నేను వినలేదు.

“పెండ్లి నడుమ ట్యాంకర్ హారన్ కొడుతది. గిన్నెలు తోమేటోళ్లంత బిందెలు పట్టుకొని ఉరుకుతరు. వాళ్లనేమంటం, నీళ్లు లేకుంటె ఇల్లెట్ల నడుస్తది? గా గంగాళాలన్ని నేను, నా కోడండ్లు తోముతం. ఇరవై ఏండ్ల సంది తోముతున్న. నల్లా బిక్షమ్మోళ్ల గల్లీకే పడాలె.”

ఆమె కూర్చోకముందే కోడళ్లిద్దరి చేతులూ లేచాయి. మరదళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎత్తారు. చెల్లెళ్లలో పెద్దామె మాత్రం అన్నకు చెప్పకుండా ఎలా అని గొణిగింది. మొన్నటి రిసెప్షన్‌లో బగారా అన్నం మాడిన డేగిసా ఎవరు గీకారని కృష్ణమ్మ అడిగింది. పెద్దామె చెయ్యెత్తింది, మిగతా ఇద్దరూ ఆమె వెనకే. నా ఆరుగురి చేతులు ఎప్పుడో లేచి ఉన్నాయి. పదిహేనుకు పదిహేను.

ఇంట్లో ఆడవాళ్ల పేర్లు రాస్తే తన చేతులే తొమ్మిది అవుతాయనుకున్నాడు ఆ మహానుభావుడు. ఒక్కనాడైనా గంగాళం తోమి ఉంటే ఆ పొరపాటు చేసేవాడు కాదు. సంతకాలు జరుగుతుండగానే, కుర్చీల బిల్లు అడిగి తీసుకుని, ఆ ఖర్చుల కాగితం సరిచేయమని ఆఫీసుకు రాసివ్వాలని నిశ్చయించుకున్నాను. వాయిదాల మీదైనా సరే కట్టుకుంటాను. ఎన్నాళ్లకో నాకు గుండె నిండా ఊపిరాడింది.

కమలాకర్ అన్న నవ్వుతూ లోపలికి వచ్చి తీర్మానం అందుకున్నాడు. ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. మొదటి సంతకం భార్యదే.

“నీ పేరు ఇచ్చింది నేనే గదనె,” అన్నాడు.

“పేరు నువ్విచ్చినవ్. చెయ్యి నాది,” అంది కృష్ణమ్మ, చెప్పులు వేసుకుంటూ.

ఆయన నావైపు చూశాడు. నేను భయపడాల్సింది, కానీ నవ్వొచ్చింది. ఆపుకోలేదు.