బరువు దింపే చోటు

కృపావతికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆ సాయంత్రం సంఘం మీటింగుకి వచ్చిన ఆడవాళ్లెవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. ఒకరిద్దరు చీరకంటిన కాఫీ పండ్ల మరకల్ని తుడుచుకుంటున్నట్టు నటించారు. ఆ మరక తుడిస్తే పోయేది కాదని వాళ్లకూ తెలుసు.

"ఈ వారం మిషను కాడికి ఎవులి గంపలొచ్చాయో సెప్పండి," అంది కృపావతి.

ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకుని కూర్చున్నారు.

"నాను సెప్తాను. నాదొచ్చింది. మా అక్కదొచ్చింది. మిగతా పండంతా ఏటైపోనాది? రెక్కలొచ్చి ఎగిరిపోనాదా?"

ఎగిరిపోలేదు. కొండ దిగి రోడ్డు మీదికి రాగానే ఉండే షావుకారు రమణమూర్తి షెడ్డులోకి పోయింది. అది కృపావతికీ తెలుసు. తెలిసి అడగడమే ఆమె కోపం.

కాఫీ పండుని పండుగానే అమ్మితే షావుకారు చెప్పిందే ధర. ఇవాళ కోసింది ఇవాళే అమ్మాలి, లేకపోతే మగ్గి పాడైపోతుంది. అదే తొక్క తీసి, కడిగి, ఎండబెట్టుకుంటే గింజ ఇంట్లో నెలల తరబడి నిలవుంటుంది. నచ్చినప్పుడు, నచ్చినవాడికి అమ్ముకోవచ్చు. ఆ తొక్క తీసే మిషను కోసం కృపావతి ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కిందో, ఎంతమంది చేత రేపు రమ్మనిపించుకుందో చెప్పాలంటే అది వేరే కథ. చివరికి మిషను వచ్చింది. వస్తూ వస్తూ ఒక మెలిక కూడా తెచ్చింది. ఈ సీజన్లో వాడకపోతే క్రిస్మస్ దాటాక ఆఫీసరొచ్చి చూసి, దాన్ని ఇంకో ఊరి సంఘానికి ఇచ్చేస్తారు.

అందుకే కోతలు మొదలవక ముందే ఆమె అందరిచేతా ఒట్టు వేయించింది. చర్చికి వెళ్లేవాళ్లు చర్చిలో వేశారు. పాత దేవతల్ని కొలిచేవాళ్లు ఊరి మొదట్లో దేవతగా నిలిపిన నిశాని రాయి ముందు పసుపు నీళ్లు పోసి మరీ వేశారు. రెండు వైపుల దేవుళ్లనూ కట్టేశానని కృపావతి ధీమాగా ఉంది. అయినా పండు మాత్రం రమణమూర్తి దగ్గరికే పోతోంది.

"దేవుడి కాడ ఏసిన ఒట్టుకే దిక్కు లేదు. మీ మాటలన్నీ నీటిమూటలే," అంది. "రేపట్నించి మాట తప్పినోళ్ల సేత తప్పు డబ్బులు కట్టిత్తాను."

రాజకుమారి అనే పెద్దావిడ ఏదో అనబోయి మానేసింది. మర్నాటి నుంచి ఆడవాళ్లు కృపావతికి ఎదురుపడకుండా మంచు విడవక ముందే కొండ దిగడం మొదలెట్టారు. పండు మాత్రం షెడ్డులోకే పోయింది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. కృపావతి కాఫీ తోట రోడ్డుకి అవతల, మిషను ఉన్న మిట్టని ఆనుకునే ఉంది. ఆమె గంప నెత్తికెత్తుకుంటే పది అంగల్లో మిషను. మిగతా ఆడవాళ్లు ఊరి పైనుంచి నిటారుగా దిగే కాలిబాటన వచ్చి, రోడ్డు మీద కొంత దూరం నడిచి, మళ్లీ మిట్ట ఎక్కాలి. బరువు నెత్తిన పెట్టుకుని ఆ బాటలో ఆమె ఏనాడూ దిగలేదు. దిగి ఉంటే అంతలేసి మాటలు అనేది కాదు.

దిగే రోజు రానే వచ్చింది. కనక అనే పిల్లకి పురుడొచ్చి వారమైంది. మొగుడు ఎక్కడో రోడ్డు పనిలో ఉన్నాడు. చెట్ల మీద పండు ఎర్రగా పండి రాలిపోయేలా ఉంది. "నువ్వు గుంటని సూసుకో. నీ పండు నాను మోత్తాను," అంది కృపావతి. కోపం ఎంత ఉందో మనసూ అంతే ఉంది ఆమెకి.

గంప నిండాక ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క పట్టి నెత్తికెత్తారు. అంత బరువు ఒక్కరే ఎత్తుకోవడం ఎవరివల్లా కాదు. దింపడమైతే ఎలాగోలా దింపుకోవచ్చు, ఎత్తాలంటే మాత్రం ఇంకో మనిషి చెయ్యి పడాలి. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన సంగతే కాబట్టి ఆ కొండల్లో దాని గురించి ఎవరూ ఆలోచించరు.

సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి దిగుతుంటే సగం దారిలోనే మెడ పట్టేసింది. గంప కింది చుట్టకుదురు ఒక పక్కకి జారింది, సర్దుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. చివరి మలుపు తిరిగేసరికి బాట తిన్నగా రమణమూర్తి షెడ్డు ముందుకే తీసుకెళ్లి నిలబెట్టింది. చల్లగా రేకుల నీడ. వరసగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. నేల కూడా శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.

"అయ్యో అక్కా, ఎంత బరువు! ఇలా దింపుకో," అంటూ కాటా దగ్గరుండే సాయినాథ్ చేతులు చాచి పరిగెత్తుకొచ్చాడు. ఆమె వద్దనేలోపే గంప కిందికి దిగిపోయింది. నిజం చెప్పాలంటే, వద్దని ఆమె అనలేదు. మెడకి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మను. ఊరికే అలుపు తీర్సుకుంటాను," అంది.

"కూర్చోండమ్మా. అమ్మమని ఎవరన్నారు?" అన్నాడు రమణమూర్తి. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మెత్తగా మాట్లాడతాడు. ఎవరినీ 'ఒసే' అని పిలిచి ఎరగడు. పిల్లల పేర్లతో సహా అందరూ గుర్తే. అతనే చెడ్డవాడై ఉంటే ఈ కథ ఎప్పుడో ముగిసిపోయేది. "కనకకి ఎలా ఉంది? ఆడపిల్లటగా. ఇదిగో, వేడిగా టీ తాగండి."

టీ తాగింది. బెల్లం టీ, బాగుంది. తాగి లేచి, "సాయినాథూ, గంప ఎత్తు, ఎల్తాను," అంది.

"ఒక్క నిమిషం అక్కా," అంటూ అతను షెడ్డు వెనక్కి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. రమణమూర్తికి నడుంనొప్పి, బరువులెత్తడు. రోడ్డు మీద ఎవరైనా వస్తారేమోనని చూసింది. బొర్రా గుహల వైపు పోయే టూరిస్టు కార్లు తప్ప నరమానవుడు లేడు. ఎండ గంప మీదికి వచ్చింది. పండు వేడెక్కుతోంది.

"పాపం, మిషను షెడ్డు తాళం కాపలా చూసే బుధు దగ్గర ఉంటుంది కదా," అన్నాడు రమణమూర్తి. "అతను పొలానికెళ్లినట్టున్నాడు. సరే, మీ ఇష్టం. ఎంతుందో ఊరికే తూచి చూద్దామా?"

కాటా ఆనుకునే ఉంది. దాని మీదికి జరిపితే చాలు, ఎత్తక్కర్లేదు. జరిపారు. తూచారు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకే సరిగ్గా తెలియదు. కాసేపటికి పండు డబ్బులు కొంగున కట్టుకుని, ఖాళీ గంప చంకలో పెట్టుకుని కొండ ఎక్కుతోంది.

సగం దారిలో ఆగిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఒక్కరు గట్టిగా మాటనలేదు, ఒక్కరు చెయ్యి పట్టి లాగలేదు. అంతా మర్యాదే. తను మాత్రం, ఊరందరి చేతా ఒట్టు వేయించిన కృపావతి, మారుమాట లేకుండా అమ్మేసింది! ముందు తన మీద తనకే ఒళ్లు మండింది. తర్వాత ఆ చేతులు, ఆ కుర్చీలు, బాట చివర ఆ షెడ్డు పెట్టిన పద్ధతి ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చాయి. దింపడానికి పరిగెత్తుకొచ్చే చేతులు ఎత్తడానికి ఎందుకు రావో అర్థమయ్యాక మండింది అసలు మంట.

ఆ రోజే అందరినీ పిలిచింది. దాచుకోలేదు. "నాను అమ్మేసినాను," అంది. "దింపినాను, టీ తాగినాను, అమ్మేసినాను."

రాజకుమారి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి గట్టు తెగినట్టయింది. "బెల్లం టీయేనా అమ్మా?" అని ఒకరు, "నిమిషం అక్కా అన్నాడా?" అని ఇంకొకరు. అందరూ అదే దారిలో అలాగే పడ్డారు, ఎవరికి వాళ్లు తమ బుద్ధే మంచిది కాదనుకుని నోరు మూసుకున్నారు. రాజకుమారి అయితే చర్చిలో పాస్టరుగారి దగ్గర ఏడ్చిందట కూడా.

"ఆ దినమే సెప్దామనుకున్నాను. నీ కోపం సూసి సెప్పనేదు," అంది రాజకుమారి.

"మరింక ఒట్లొద్దు. తప్పులూ కట్టొద్దు," అంది కృపావతి. "మన బుద్ధికేటీ తెగులు నేదు. తెగులు ఆ దారిలో ఉంది. దారినే బాగుసేద్దాం."

మర్నాడు మగవాళ్లు కూడా కలిశారు. షెడ్డుకి పైన, చివరి మలుపులో, గుండెలెత్తున రాళ్లు పేర్చి దిమ్మ కట్టారు. నెత్తి మీది గంపని కాస్త వంగి దాని మీదికి జరపొచ్చు, అలుపు తీరాక అంచుకి లాగి, గంప కిందికి తల పెట్టి మళ్లీ ఎత్తుకోవచ్చు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. పక్కనే సోంబరు తాత నీళ్లకుండతో కూర్చుంటానన్నాడు. తాళం సంగతి వచ్చేసరికి బుధు తల గోక్కుని, వెళ్లి మిషను షెడ్డు తలుపునే పీకి పక్కన పడేశాడు.

అంతే. ఆడవాళ్లు మలుపులో ఆగేవారు, ఊపిరి పీల్చుకునేవారు, గట్టి కాళ్లతో షెడ్డు ముందు నుంచి నడిచిపోయేవారు. సాయినాథ్ చేతులు చాచి చాచి దింపేశాడు. మిషను మొదటిసారి సాయంత్రం దాకా తిరిగింది.

రమణమూర్తి కోప్పడలేదు. అలా కోప్పడేవాడైతే రమణమూర్తే కాడు. నాలుగు రోజులు చూశాడు. చుట్టూ తిరిగొచ్చే మట్టిరోడ్డు మీదుగా ఒక వ్యాను తెప్పించి ఊరి నడిబొడ్డులో నిలబెట్టించాడు. "మా సార్ పంపారు. మీకు మోత బాధ ఉండకూడదని," అన్నాడు దాన్ని నడుపుకొచ్చిన సాయినాథ్, వెనక తలుపు కిందికి దింపుతూ.

గుమ్మంలోకి వచ్చింది వ్యాను. మెడ నొప్పి లేదు, మలుపు లేదు, దిమ్మ లేదు. కృపావతి కనక పండు కోసుకుని వచ్చేసరికి సగం గంపలు వ్యానెక్కేశాయి. ఎక్కించినవాళ్లు ఆమెని చూసి ఇళ్లలోకి దూరబోయారు. ఆమెకి నోటిదాకా వచ్చింది తిట్టు. కానీ ఆ బరువు తన మెడ ఇంకా మర్చిపోలేదు. వీళ్లని తిట్టి లాభం లేదు, తిట్టాల్సింది వీళ్లని కాదు కూడా.

తన గంప కూడా వ్యానులోకి ఎక్కించింది. తర్వాత తనూ ఎక్కి కూర్చుని గంపని ఒళ్లోకి లాక్కుంది.

"మనుషులెందుకక్కా? పండు చాలు," అన్నాడు సాయినాథ్ కంగారుగా.

"పండుని ఒక్కదాన్నే పంపితే దారి తప్పుతోంది నాయినా," అంది. "ఏటే సూత్తన్నారు? ఎక్కండి బేగి!"

రాజకుమారి ఎక్కింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు, చంటిదాన్ని కొంగులో కట్టుకుని కనక కూడా ఎక్కింది. ఎవరి గంప వాళ్ల ఒళ్లో. వ్యాను మూలుగుతూ కొండ దిగి షెడ్డు ముందు ఆగింది.

"రండమ్మా, దిగండి. టీ రెడీ," అన్నాడు రమణమూర్తి.

ఎవరూ కదల్లేదు.

"దిగం సావుకారూ. మిషను కాడికి పోనియ్యమను," అంది కృపావతి.

సాయినాథ్ గంప దింపబోయాడు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా చుట్టేసిన గంపని ఆడదాని చేతుల్లోంచి ఎవడు లాగుతాడు? వెనక్కి తగ్గాడు. వ్యాను రోడ్డుకి అడ్డంగా ఉంది. అటూ ఇటూ కార్లు ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. కొందరు దిగి ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారు.

రమణమూర్తి మొహం మొదటిసారి ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "ఏంటి కృపావతీ ఇది? నేనేనాడైనా మిమ్మల్ని బలవంతం చేశానా?"

"నేదు బాబూ," అంది కృపావతి. "బలవంతం సేసుంటే మొదటి దినమే ఎదురు తిరిగుందుం. ఏనాడూ సెయ్యనేదు. అందుకే మాకింత ఆలీసమైపోనాది."

రమణమూర్తి ఆగిపోయిన కార్ల వైపు చూశాడు. వెనక బస్సు డ్రైవరు కిందికి దిగి బూతులు లంకించుకున్నాడు. "తీసుకెళ్లి దింపేసి రా," అన్నాడు రమణమూర్తి చివరికి, సాయినాథ్ వైపు చూడకుండానే.

క్రిస్మస్ దాటాక ఆఫీసరు వచ్చాడు. తలుపు లేని షెడ్డు గుమ్మంలో నిలబడి ఏదో అడిగాడు. మిషను హోరులో ఎవరికీ వినపడలేదు. "అది కాసేపు ఆపండమ్మా, మీరు వాడుతున్నారో లేదో రాసుకోవాలి!" అని అరిచాడు.

కృపావతి ఆపలేదు. గంప వంచి పండు మిషనులో గుమ్మరిస్తూ, "ఇవాళ కుదరదు బాబూ, పండు మగ్గిపోతాది. రేపు రండి," అంది.