కొట్టమన్నదెవరు

చెట్టు మీంచి దించి మరీ తీసుకెళ్ళారు మా అన్నని. సొంత అన్న కాడు. కొమ్మలు కొట్టే మా గుంపులో అందరికంటే ముందు చెట్టెక్కేవాడు గనక అందరికీ అన్నే. నడుముకున్న తాడు కూడా విప్పుకోనివ్వకుండా, ఆ తాడు పట్టుకునే జీపు దాకా లాక్కెళ్ళారు పోలీసులు. పక్కనే నిలబడ్డ, సర్కారు తరఫున కొమ్మలు కొట్టించే కాంట్రాక్టరు, "వంటచెరుకు కోసం కక్కుర్తిపడ్డాడు సార్, నాకేం తెలీదు" అన్నాడు.

అంతకు ముందు దాకా ఆ పెద్దకొమ్మని మొదలంటా కొట్టమని కింద నిలబడి తొందరపెట్టింది వాడే.

ఆ రోడ్డు వెంట ఉన్నవి చట్టం కాపాడే చెట్లు. కరెంటు తీగకి తగిలే రెమ్మలు తప్ప మరేదీ ముట్టుకోకూడదు. అదీ అటవీశాఖ ఆఫీసరు దగ్గరుండి చూపించాలి. పిట్టలు గూళ్ళు కట్టే రోజుల్లో అసలు రంపమే పెట్టకూడదు. ఇవి మాకూ తెలుసు, కాంట్రాక్టరుకీ తెలుసు. కానీ కొత్త బట్టల దుకాణం బోర్డు ఆ కొమ్మ చాటున పడింది. దుకాణం యజమానీ కాంట్రాక్టరూ ఒకే కంచంలో తినే రకం. ఆఫీసరు ఏడని అన్న అడిగాడు. నువ్వెక్కకపోతే ఎక్కేవాళ్ళే లేరా అన్నాడు కాంట్రాక్టరు. ఇంట్లో పొయ్యి వెలగాలి. అన్న ఎక్కాడు. కొమ్మ నేలకూలి, జనం గోల చేసేసరికి నేరం చెట్టు మీదున్న వాడిదైంది.

ఆ సాయంత్రం వదిన ఇంట్లో చేరాం. ఒక్కటే గది. ఆరేసిన తడిబట్టల కింద తలలు వంచి కూర్చున్నాం. కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకుంటే విడిపిస్తాడేమో అన్నాడు, కింద తాడు పట్టే తాత. చట్టం వాళ్ళు రాసుకున్నదే, దాంతో మనకేం పని అని ఇంకొకడు రేగాడు. ఆఫీసరు వచ్చి అందరి ముందూ నోటితో చెప్తే తప్ప ఎక్కొద్దన్నాను నేను. మాటా మాటా పెరిగింది.

"చెట్టుకి కాపలా ఉంది," అంది వదిన చివరికి. "చెట్టెక్కినోడికి ఏముంది? ఇవాళ మీ అన్న. రేపెవరో మీలో మీరే తేల్చుకోండి."

రేపట్నుంచి తాడు పట్టనన్నాడు తాత.

మర్నాడు మేమెవరమూ రంపం ముట్టలేదు. వదినతో కలిసి ఆ కొమ్మ పడిన చోటే కూర్చున్నాం. ఆ చెట్ల నీడన పళ్ళమ్ముకునే అక్క మమ్మల్ని తిట్టిపోసింది. మా నెత్తి మీద నీడ నరికేటప్పుడు ఏమైందిరా ఈ పౌరుషం అంది. తిట్టీ తిట్టీ, చివరికి తనే వచ్చి వదిన పక్కన కూర్చుంది.

బోర్డుకి అడ్డున్న మిగతా కొమ్మలు కొట్టడానికి కాంట్రాక్టరు వేరే గుంపుని లారీలో దింపాడు. మాలాగే ఎండిపోయిన మొహాలు. మా వాళ్ళు కొందరు రాళ్ళు అందుకోబోతే వదిన ఆపింది. నేరుగా వాళ్ళ మేస్త్రీ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"ఎక్కొద్దని చెప్పను బాబూ, నీకూ పిల్లలుంటారు. ఎక్కమన్నది ఎవరో ఈ జనం ముందు వాడి నోటితోనే చెప్పించుకో. మా ఆయన ఆ పని చెయ్యలేదు."

మేస్త్రీ కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

"అందరూ వినేట్టు చెప్పండి. ఈ కొమ్మలు కొట్టమన్నది మీరేనా?"

కాంట్రాక్టరు ఫోను తీసి పక్కకి పోయాడు.

పోలీసులు వచ్చి వదిన చెయ్యి పట్టుకున్నారు. సర్కారు పనికి అడ్డం పడిందట. మేస్త్రీ మారు మాట్లాడకుండా తన వాళ్ళతో రంపాలు కింద పెట్టించి, జీపు ముందు బైఠాయించాడు. వాళ్ళ వెనక మేం. మీ నాయకుడెవర్రా అని ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు.

"కొట్టమన్నదెవరో మీరు తేల్చండి," అన్నాడు తాత. "మా నాయకుడెవరో అప్పుడు చెప్తాం."

మొదటి దెబ్బ ఆయన భుజం మీదే పడింది. కూర్చున్న చోటు నుంచి ఆయన లేవలేదు.

వదిననీ, తాతనీ, మేస్త్రీనీ తీసుకుపోయారు. మిగిలినవాళ్ళం స్టేషను వైపు నడిచాం. భయం లేదని చెప్పను. దారిలో రోడ్లూడ్చేవాళ్ళు ఎక్కడికని అడిగారు. చెప్పాం. చీపుళ్ళు గోడకి ఆనించి కలిశారు. వీధి మలుపు దగ్గర మూటలు మోసేవాళ్ళు కలిశారు.

మమ్మల్ని చూసి పోలీసులు లోపల్నుంచి గేటుకి తాళం వేసుకున్నారు. మేం గేటు బయట కూర్చున్నాం. వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు.