రెండు రోజుల నీడ

"ఎర్ర చుట్టు ఉన్న గొట్టం ఇవ్వమంటే పచ్చది ఇస్తావేంటి?" అని డేరా లోపల్నించి భర్త అరిచాడు.

డేరా గుడ్డంతా ఆయన నెత్తిమీద కుప్పకూలి ఉంది. మాట వినపడుతోంది గానీ మనిషి కనపడటం లేదు.

"ఎర్ర చుట్లన్నీ ఎప్పుడో ఊడిపోయాయండీ. ఉన్నవన్నీ పచ్చవే," అందామె.

"అయితే పొడుగుది ఇవ్వు!"

"అన్నీ పొడుగువే!"

ఆమె డ్రైవింగ్ నేర్పే టీచరు. వారమంతా, బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన కూర్చుని గొంతు పెంచకుండా పాఠం చెబుతుంది. ఓపికకు ఆమే పెట్టింది పేరంటారు. ఆ ఓపిక శనివారం నాడు ఈ డేరా సంచి మూతి విప్పేసరికి ఏ గంగలో కలుస్తుందో ఆమెకే తెలియదు.

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న కారవాన్ వాళ్ళది. లోపల మూడు ఇరుకు పడకలు, ఒక పొయ్యి, ఒక తొట్టి. ముగ్గురూ ఒకేసారి నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో ఉంటుంది. ఎండెక్కిందంటే ఇక మనుషుల్ని ఆవిరి మీద ఉడకబెట్టినట్టే. అందుకని దాని పక్కన, బయట కూర్చోవడానికి, ఏదో ఒక నీడ ఉండాలి. అంతవరకూ భార్యాభర్తలకు పేచీ లేదు. ఆ నీడ ఎలాంటిదన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

భర్త తాళాలు బాగుచేస్తాడు. ఆయన లెక్కలో ఏదైనా బిగిస్తే బిగిసిపోవాలి. అందుకే నాలుగు గోడలు, రెండు తలుపులు, మూడు కిటికీలు ఉన్న డేరా కొన్నాడు. నెల రోజులు ఒకేచోట కాపురముండేవాళ్ళకు అది మహారాజుల కొలువే. వీళ్ళు వచ్చేది శనివారం, పోయేది ఆదివారం. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదేనని ఆమె ప్రతిసారీ అనుకుంటుంది. ఒక్కోసారి పైకే అనేస్తుంది.

అసలు ఈ ప్రయాణాలు పెట్టుకున్నది మావగారి కోసం. ఆయన బతుకంతా నదిమీద బల్లకట్టు నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాటల్లో ముప్పాతిక భాగం తీసుకుపోయింది. ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకసారి ఆసుపత్రి నుంచి వస్తూ చెరువు పక్కన కారాపితే, అద్దం మీద ఎడమ అరచెయ్యి ఆనించి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చెయ్యి చూసే కోడలు కారవాన్ మాటెత్తింది.

ఇప్పుడా మావగారు ఎక్కడున్నాడు? కార్లోనే ఉన్నాడు. డేరా లేచేవరకూ కుర్చీ వెయ్యడానికి నీడ లేదు. ఆమె అద్దం దించి, చిన్న పంకా పెట్టి, నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టి వచ్చింది. వాళ్ళు వచ్చింది సరస్సు ఒడ్డుకే గానీ, ఆ సరస్సు కారు వెనకవైపుంది. ఆయనకు ఎదురుగా కనపడేది గొట్టాలతో కుస్తీ పడుతున్న కొడుకూ కోడలే.

"ఏవండీ, ఒక్క గుడ్డ కడితే చాలదా? ఆయన కూర్చుంటే చాలు కదా?"

"గాలి ఎటునుంచి వస్తుందో నీకేం తెలుసు? నెమ్ము చేసి ఆయన ఆసుపత్రిలో పడ్డప్పుడు రాత్రంతా ఆ ముక్కు గొట్టం వంక చూస్తూ కూర్చున్నది నేను. గుడ్డట, గుడ్డ! అటువైపు పట్టుకో!"

ఆమె అటువైపు పట్టుకుంది. ఇటువైపు ఊడింది. ఇటు పరిగెత్తి పట్టుకుంటే మధ్య దూలం జారి, టిఫిన్ల డబ్బా మీద పడింది. పక్క బండివాళ్ళ కుక్క ఇదంతా తనకోసం జరుగుతున్న వినోదమనుకుందో ఏమో, మొరుగుడు మొదలెట్టింది.

మొత్తానికి డేరా లేచింది. కిటికీల తెరలు కట్టి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, భర్త రెండడుగులు వెనక్కు వేసి చూసుకున్నాడు. నిజంగానే బాగుంది. అప్పటికి ఎండ చల్లారింది, నీళ్ళ మీద వెలుగు పోయింది. ఆమె వెళ్ళి కారు తలుపు తీసింది. మావగారు మెడ వాల్చి నిద్రపోతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. భుజం తట్టగానే కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, కష్టపడి ఒక్క మాటన్నాడు.

"ఇంటికా?"

ప్రయాణం అయిపోయిందనుకున్నాడాయన. "లేదు మావయ్యా, ఇప్పుడే వచ్చాం," అందామె. పొద్దుట్నుంచీ చేసిందంతా ఆ మాటతో అబద్ధమైపోయినట్టనిపించింది.

మర్నాడు డేరా విప్పడం గురించి చెప్పుకోకపోవడమే మంచిది. మడిచిన గుడ్డ దాని సంచిలో పట్టలేదు. అది ఏనాడూ పట్టలేదు.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం పాఠాలు మానుకుని, మావగారిని కార్లో ఎక్కించుకుని, ఆమె కారవాన్ సామాన్ల దుకాణానికి వెళ్ళింది. భర్తతో చెప్పలేదు. చెబితే వస్తాడు. వస్తే ఇంకా పెద్ద డేరా కొంటాడు.

దుకాణం పెద్ద గోదాములాంటిది. నేలంతా పచ్చ తివాచీ పరిచి, డేరాలు నిలబెట్టి ఉన్నాయి. మావగారిని గుమ్మం పక్కన కూర్చోబెట్టి ఆమె లోపలికి వెళ్తే, అమ్మేవాడు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఇది చూడండి మేడమ్. గొట్టాలే లేవు. గాలి కొడితే దానంతటదే లేస్తుంది. చిటికెలో పని."

"ఎవరి చిటిక?" అందామె. "మీరు అలా కూర్చోండి. నేనొక్కదాన్నే లేపుతాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను దాన్ని విప్పి నేలమీద పడేసి పక్కకు జరిగాడు. ఆమె పంపు కొట్టింది. కొట్టగా కొట్టగా గుడ్డలోని గాలి దూలాలు ఉబ్బి లేచాయిగానీ, ఆ బరువుకు డేరా ఒకపక్కకు ఒరిగిపోయింది. అమ్మేవాడు ఆగలేక పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"చూశారా, మీరు పట్టుకున్నారు. మా ఇంట్లో పట్టుకోవలసిన మనిషి నన్ను తిడుతూ ఉంటాడు. ఇది కుదరదు."

తరవాతది గొడుగులా విచ్చుకునే పందిరి. సంచిలోంచి తీసి వదలగానే టప్పున లేచింది. ఆమె ముఖం వెలిగింది. "మళ్ళీ మడవండి," అంది. అమ్మేవాడు మడవబోయాడు. అది చుట్ట చుట్టుకున్నట్టే చుట్టుకుని, చేతుల్లోంచి ఎగిరి అతని కళ్ళజోడు లాక్కుపోయింది. రెండోసారి మోకాలు వేసి తొక్కాడు. మూడోసారి లోపల్నించి ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ చెమటలు కక్కుతుంటే ఆమెకు జాలేసింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. "లేపడం ఒక్కటే చెబుతారు. మడవడం ఎవరూ చెప్పరేం?" అంది.

గోడకు బిగించి, పిడి తిప్పితే బయటికి సాగే చుట్ట పందిరి ఆమెకు బాగా నచ్చింది. కానీ తమ పాత కారవాన్ గోడ ఆ బరువు మొయ్యదని, పైగా ఎత్తు చాలదని, కారవాన్ ఫొటో చూసి అమ్మేవాడే చెప్పాడు. ఆ నిజం చెప్పినందుకు అతని మీద కోపం కాస్త తగ్గింది.

"ఇక ఇదొక్కటే ఉంది మేడమ్. దీన్ని ఎవరూ అడగరు. గొప్పగా కనపడదు."

అదొక టార్పాలిన్ పట్టా, అంతే. దాని ఒక అంచుకు లావు తాడు కుట్టి ఉంది. కారవాన్ పైఅంచున ఉండే గాడిలోకి ఆ అంచుని దూర్చి లాగాలి. బయటివైపు రెండు కాళ్ళు, నాలుగు తాళ్ళు. గాలి వచ్చే పక్కకు తగిలించుకోవడానికి విడిగా ఇంకో గుడ్డ. ఆమె దుకాణంలోని కారవాన్‌కి దాన్ని ఒంటిచేత్తో కట్టింది. విప్పింది. మళ్ళీ కట్టింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఇది కొంటానంది.

అప్పుడు వెనక్కు తిరిగి చూస్తే మావగారు ఆ పట్టా నీడలో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇందాక మడవడానికి సాయం వచ్చినతను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడట. ఎడమకాలు చాపుకుని, దుకాణం అవతల రోడ్డుమీద పోయే బళ్ళను చూస్తున్నాడు. "వెళ్దామా మావయ్యా?" అంటే తల అడ్డంగా ఊపాడు. ఎంత బతిమాలినా లేవలేదు. చివరికి ఆమె పక్కన నేలమీద కూలబడి, కాసేపు తానూ ఆ బళ్ళను చూసింది.

ఇంట్లో మాత్రం భర్త పట్టాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా? అరటిపళ్ళ బండిమీద ఇంతకంటే మంచిది కడతారు," అన్నాడు.

"అరటిపళ్ళైనా ఎండలో మగ్గకుండా ఉంటాయి. మీ నాన్న కార్లో మగ్గిపోతున్నాడు."

శనివారం బయల్దేరేటప్పుడు చూస్తే కారు వెనక పెద్ద డేరా సంచి కూడా ఎక్కించి ఉంది. "దించండి," అందామె. "ఉండనీ, అదేం తిండి తినదు," అన్నాడాయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషితో గుమ్మంలో వాదించడం అనవసరమని కారెక్కి తలుపు గట్టిగా వేసింది.

సరస్సు దగ్గర ఆమె ఒక్కతే పట్టా కట్టింది. భర్త చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. సాయం చెయ్యలేదు, ఆమె అడగలేదు. కారు ఇంజను వేడి చల్లారకముందే మావగారు నీళ్ళకు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. దూరాన ఎవరో తెడ్డు వేసుకుంటూ పోతున్నారు. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చేతిమీద ముందుకూ వెనక్కూ కదులుతోంది, ఆ పడవను తానే నడుపుతున్నట్టు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మబ్బు పట్టింది. సరస్సు వైపునుంచి ఒక్కసారిగా గాలి లేచి, పట్టా కింద దూరి దాన్ని కుండలా ఉబ్బించింది. ఒక మేకు పీక్కుని గాల్లోకి ఎగిరింది.

"చెప్పానా? చెప్పానా లేదా?" అంటూ భర్త పరిగెత్తుకొచ్చాడు. "నాన్నకు చలి తగిలిందంటే ఎవరిది పూచీ?"

ఆమెకు ఏడుపు, కోపం కలగలిసి వచ్చాయి. ఎగిరే అంచుని రెండు చేతులా పట్టుకుని అరిచింది. "ముందు ఆ పక్క గుడ్డ తగిలించండి! చెప్పానా అనేది తరవాత చెప్పుకోవచ్చు!"

వాన మొదలైంది. ఆయన గుడ్డ తగిలించి, మేకు వెతికి ఏటవాలుగా దిగ్గొట్టాడు. తాడుకు తనకు తెలిసిన ముడేదో వేసి బిగించాడు. తాళాలాయన చేతికి తాళ్ళు కూడా లొంగాయి. గాలి ఆగకపోయినా పట్టా ఆగింది. ఆయన తండ్రి చంకల కింద చేతులు వేసి, "లోపలికి పద నాన్నా," అన్నాడు. ముసలాయన కుర్చీ చెయ్యి వదల్లేదు. వాన చినుకులకు నీళ్ళ మీద చిన్న చిన్న గుంటలు పడుతుంటే అటే చూస్తున్నాడు.

"మొండికెయ్యకు నాన్నా. మళ్ళీ ఆసుపత్రి అంటే నావల్ల కాదు," అన్నాడు. ఆ మాట కోపంగా మొదలై, బతిమాలుతున్నట్టు ముగిసింది.

ఆమె లోపల్నించి దుప్పటి తెచ్చి మావగారి మోకాళ్ళ మీద కప్పింది. భర్తతో మెల్లిగానే అంది. "నాకూ భయమేనండీ. కానీ ఇన్ని ప్రయాణాల్లో మీరు ఆయన పక్కన ఒక్కసారి కూర్చున్నారా? ఎప్పుడూ ఆ గొట్టాల్లోనే ఉంటారు."

భర్త ఇంకో కుర్చీ లాక్కుని తండ్రి ఎడమపక్కన, గాలి తనకు తగిలేలా కూర్చున్నాడు. వాన తగ్గేవరకూ ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆమె టీ పెట్టింది. పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది. విసుక్కుంటూనే వెలిగించింది.

వాన వెలిశాక పక్కకు కొత్త బండి వచ్చి ఆగింది. భార్యాభర్తలు దిగి, పెద్ద సంచిలోంచి గొట్టాలు బయటికి లాగారు. కాసేపటికి వాళ్ళ గొంతులు పెరిగాయి. ఆమె భర్త టీ కప్పుతో అటు నడిచాడు.

"ఎన్నాళ్ళుంటారండీ? రేపే వెళ్ళిపోతారా? మరి దానికింత డేరా ఎందుకు? అదుగో, మాది చూడండి. చిన్నపాటి ప్రయాణాలకు పట్టాని మించింది లేదు. నేను మొదట్నుంచీ అంటున్నదే అది."

ఆమె నోరు తెరిచింది. ఎన్నో శనివారాల మాటలు ఒక్కసారిగా నాలుక చివరికొచ్చాయి. లేచి, చేతిలో గరిటె పట్టుకుని రెండడుగులు వేసింది కూడా.

వెనకనుంచి ఏదో చప్పుడైంది. మావగారికి పొలమారిందేమోనని హడలిపోయి తిరిగి చూసింది. ఆయన నవ్వుతున్నాడు. నోరు ఒకపక్కే సాగి, భుజం ఊగుతూ, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు. కొడుకు వైపు ఎడమ చేతి వేలు చూపించి, మాట కోసం తడుముకుని, చివరికి పట్టుకున్నాడు.

"అబద్ధం," అన్నాడు.