గుండె చూపించుకోడానికి ఇంటికి

రూతుకు గుండెనొప్పి వచ్చింది కువైట్‌లో, తాను వంట చేసే ఇంటి వంటగదిలో. బియ్యం బస్తాను మూలకు జరుపుతుంటే దవడ దగ్గర మొదలైన లాగుడు భుజం మీదుగా దిగి, ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు కూచుంది. గ్యాసేమో అనుకుని జీలకర్ర నీళ్లు తాగింది. ఒళ్లంతా చెమటలు పోసి గోడకు ఆనుకుని కూలబడేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి రక్తం గడ్డను కరిగించారు. అప్పటికి ప్రాణం నిలబడింది. కానీ రక్తనాళం ఇంకా సన్నగానే ఉంది, యాంజియోగ్రాం చేసి చూడాలి, అవసరమైతే స్టెంట్ వెయ్యాలి అన్నాడు డాక్టరు. ఆమెకున్న బీమా దానికి చాలదట. మిగతాది సొంతంగా కట్టుకోవాలట. ఎంతవుతుందో విన్నాక రూతు ఇంకేమీ అడగలేదు.

ఆ ఇంటి యజమానురాలిని రూతు మామా అని పిలిచేది, అక్కడి మాటలో అమ్మ అని. అక్కడి ఇళ్లల్లో పనికి పోయినవాళ్లు చాలామంది అట్లాగే పిలుస్తారు. మామా మంచం పక్కన నిలబడి, "మీ దేశానికి పో. మా అక్క కూడా గుండెకు మీ దేశమే పోయి చేయించుకుంది. అక్కడ చవక, డాక్టర్లూ మంచివాళ్లు. బాగైనాక రా" అంది. ఆ మాటలో కోపం లేదు, బాధా లేదు. పాడైన మిక్సీని బాగుచేయించుకు రమ్మన్నట్టు ఉంది.

నొప్పి తగ్గి, విమానం ఎక్కవచ్చని డాక్టరు ఒప్పుకున్నాక, మాత్రల సంచి పట్టుకుని రూతు బెంగళూరులో దిగింది. అక్కడినుంచి రైల్లో గుత్తి. స్టేషన్‌కు కూతురు అంజలి వచ్చింది. గుత్తిలోనే మందుల షాపులో పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటుంది అంజలి. తల్లి చేతిలో సంచి తీసుకుంటూ ముఖంలోకి చూసి, "ఇంత చిక్కినావేమ్మా" అని మాత్రం అంది.

గుత్తి పక్కనున్న తమ ఊళ్లో మాట వేరుగా ఉంది. సాయంత్రం పక్కింటి నల్లమ్మ వచ్చి అరుగు మీద కూచుంది.

"రూతక్కా, అంత దుడ్లుండే దేశంలో లేని వైద్యం ఈడ యాడుండాది? అందరూ ఆడికి పోవల్లని సస్తాంటే నువ్వు ఈడికొచ్చినావే."

"ఆడ ఉండాది నల్లమ్మా. మనకు కాదు."

నల్లమ్మకు ఆ జవాబు నచ్చలేదు. ఇంకేదో జరిగి ఉంటుందని, పనిలోంచి తీసేసి ఉంటారని, పోతూ పోతూ వీధిలో ఎవరితోనో అనడం రూతుకు వినిపించింది. లేచి పోయి చెప్పే ఓపిక లేక అట్లాగే పడుకుంది.

భర్త బాలప్ప ఆ రోజంతా గొర్రెల వెంటే ఉన్నాడు. ఆ ఏడు వాన మొహం చాటేసి శెనక్కాయ చేను కాయ పట్టే ఊడలు దిగకుండానే ఎండిపోయింది. ఉన్న నాలుగు గొర్రెలను తిప్పుకొచ్చి దొడ్లో తోలి, చేతులు కడుక్కుని, భార్య ఎదురుగా కూచున్నాడు. "మళ్లా ఎప్పుడు పోతావ్?" అన్నాడు.

పదకొండేళ్లుగా సెలవుకు వచ్చిన ప్రతిసారీ అదే మాట. ఈసారి కూడా అదే అడుగుతాడని రూతు అనుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

*

ఎక్కడికి పోవాలో అంజలే విచారించింది. షాపుకు వచ్చేవాళ్లను అడిగింది, గుత్తిలో డాక్టరును అడిగింది. ఉచిత వైద్యానికి సర్కారు ఇచ్చే ఆరోగ్య కార్డులో రూతు పేరు లేదు; దేశంలో లేని మనిషని ఎప్పుడో తీసేశారు. మళ్లీ చేర్చడానికి నెలలు పడుతుందన్నారు. చివరికి బస్సులో పోయి రాగలిగే దూరంలో ఒక ధర్మాసుపత్రి ఉందని, గుండెకు అక్కడ ఉచితంగా చేస్తారని తెలిసింది. పోయి వరుసలో నిలబడాలి, వాళ్లు చెప్పిన రోజుకు మళ్లీ రావాలి.

ముగ్గురూ తెల్లారకముందే బయల్దేరారు. ఆసుపత్రి ముందు అప్పటికే జనం. కర్ణాటక వాళ్లు, బెంగాల్ వాళ్లు, ఎక్కడో నేపాల్ నుంచి దుప్పట్లు చుట్టుకుని వచ్చిన ఒక కుటుంబం. నేపాల్ ముసలామె బిస్కెట్ పొట్లం విప్పి రూతు వైపు చాపింది. రూతు ఒకటి తీసుకుంది. భాష లేదు కాబట్టి ఎవరికి బాగాలేదో చేత్తోనే చెప్పుకున్నారు. ముసలామె పక్కనున్న కొడుకును చూపించింది. రూతు తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. దేశం దాటి గుండె పట్టుకుని తిరిగేది తానొక్కతే కాదని అప్పుడనిపించింది. అందులో ఊరట ఏమీ లేదు. అలుపు మాత్రం కొంచెం పంచుకున్నట్టయింది.

మొదటిసారి రక్తం, ఈసీజీ, ఎకో చూసి తేదీ రాసిచ్చి పంపారు. ఆ తేదీ వచ్చేదాకా రూతు ఇంట్లో నీళ్ల బిందె కూడా ఎత్తలేదు. చేర్చుకున్న రోజు ఒక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ముందర కూచుంది. సన్నటి గొంతు. తొందరపడకుండా చెప్పింది.

"గుండె కూడా ఒక కండే అమ్మా. దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాల్లో ఒకదాని గోడకు లోపల కొవ్వు పేరుకుంది. దారి సన్నబడింది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, అక్కడినుంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపిస్తాం. మందు వదిలితే ఎక్కడ సన్నబడిందో తెర మీద కనిపిస్తుంది. అక్కడ చిన్న బెలూన్ ఊదుతాం. కొవ్వు గోడకు ఒత్తుకుని దారి వెడల్పవుతుంది. మళ్లీ మూసుకుపోకుండా ఒక లోహపు జాలీ అక్కడే వదిలేస్తాం. దాన్నే స్టెంట్ అంటారు."

బెలూన్ అనగానే రూతుకు మామా మనవళ్ల పుట్టినరోజులు గుర్తొచ్చాయి. హాలంతా కట్టడానికి ఎన్ని ఊదిందో. ఊదీ ఊదీ చివరికి కళ్లు తిరిగేవి.

బాలప్ప అడిగాడు. "ఊదేటప్పుడు పగిలితేనో?"

"పగలకుండా ఎంత ఊదాలో చూసుకుంటూ ఊదుతాం. అయినా ప్రమాదం అసలు లేదని చెప్పను. చాలా తక్కువ. చెయ్యకపోతే ఉన్న ప్రమాదం దానికంటే ఎక్కువ."

"మత్తు ఇస్తారా?"

"చేతి దగ్గర మాత్రమే. ఆమె మెలకువగానే ఉంటుంది."

"ఇది చేస్తే జబ్బు పోతాదా తల్లీ?"

"దారి తెరుచుకుంటుంది. జబ్బు పోదు. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే జాలీలోనే రక్తం గడ్డకట్టవచ్చు. ఉప్పు, నూనె తగ్గించాలి. రోజూ నడవాలి."

బాలప్ప తల ఊపాడు. లేచి వెళ్లబోతూ మళ్లీ ఆగి, "కువైట్‌కు పోవచ్చా?" అన్నాడు.

"కొన్ని నెలలైనాక చూద్దాం" అని ఆమె ఇంకో మంచం దగ్గరికి వెళ్లింది.

రూతు ఇక ఓర్చుకోలేకపోయింది. గొంతు పెంచే శక్తి లేదు కాబట్టి నెమ్మదిగానే అంది.

"అంజలి నాయనా, నన్ను పంపించేదానికి నీకు అంత తొందరేమి? ఇంగా కొయ్యను కూడా లేదు నన్ను."

బాలప్ప కిటికీ వైపు చూశాడు. అంజలి మంచినీళ్ల సీసా నింపడానికని బయటికి పోయింది.

"తొందర కాదు మే," అన్నాడు. "నువ్వొచ్చిన ప్రతిసారీ ఇంగ ఉంటావనే అనుకుంటా. ఉంటావనుకున్న నాలుగునాళ్లకే సంచి సర్దుతావు. మొదటిసారి నువ్వు పోయినంక నెలదాకా నాకు కూడు దిగలేదు. అప్పట్నుంచి వచ్చిన రోజే అడుగుతాండా. ఎప్పుడు పోతావో తెలిస్తే, ఆ రోజుకు మనసును తయారు చేసుకుంటా."

రూతు అతని వైపు తిరిగింది. పదకొండేళ్లు ఆ మాటను మోసింది. ఈ మనిషి ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నాళ్లు తీసుకున్నాడు.

"ముందే చెప్పుంటే బాగుండు కదప్పా," అంది.

"నువ్వు అడగలేదు. ఫోన్లో చెప్పే మాటా అది?"

*

మరునాడు ఆమెను లోపలికి తీసుకుపోయారు. గది చల్లగా ఉంది. మణికట్టు దగ్గర చురుక్కుమంది, తర్వాత అక్కడ నొప్పి తెలియలేదు. మందు వదిలినప్పుడు ఒళ్లంతా వేడిగా పాకింది. తెర మీద ఆమె గుండె కొట్టుకుంటోంది. దాని చుట్టూ నల్లటి కొమ్మలు. ఒక కొమ్మ సగంలో దారంలా సన్నబడిపోయింది. అదే తన జబ్బని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. బెలూన్ ఊదినప్పుడు ఛాతీలో అదే పాత బరువు వచ్చి కూచుంది. "కొంచెం ఓర్చుకోమ్మా, ఇది మేం చేస్తున్నదే" అంది డాక్టరమ్మ. రూతు పళ్లు బిగించి ప్రార్థన మొదలుపెట్టింది. సగంలోనే నొప్పి పోయింది. మళ్లీ తెర చూస్తే ఆ కొమ్మ నిండుగా, చివరిదాకా నల్లగా కనిపించింది.

ఆమె ఏడ్చింది. నొప్పికి కాదు. ఇన్నేళ్లలో తనకోసం ఇంతమంది ఒకచోట నిలబడి పని చెయ్యడం ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక బాలప్పే వండాడు. రాగిసంగటి, ఉప్పు తగ్గించిన శెనక్కాయ చట్నీ. ఒంటరిగా వండుకోవడం అలవాటై, మొదటి రోజు ఒకరికి సరిపడానే చేశాడు. పళ్లెం ముందు పెట్టాక గానీ గుర్తు రాలేదు. ఉన్నదాన్నే ఇద్దరూ తిన్నారు. మర్నాటినుంచి ఎక్కువ చేసి మిగల్చడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు మామా నుంచి ఫోన్ వచ్చింది. రూతు మాత్ర వేసుకుని అప్పుడే పడుకుంది. ఎట్లా ఉన్నావని అడిగింది మామా. బాగున్నానంది. ఇంటికి వేరే మనిషిని పెట్టుకున్నామని, వంట పర్వాలేదని, నీ బట్టల పెట్టెను మీ వైపు వచ్చేవాళ్లతో పంపిస్తామని చెప్పింది. అంతే. పిల్లల గొంతులు వెనక వినిపించాయి. వాళ్లతో మాట్లాడతానని రూతు అనేలోపే ఫోన్ పెట్టేసింది.

"ఏమంటాండాది?" అన్నాడు బాలప్ప.

"రావద్దంటాండాది."

బాలప్ప సంతోషపడ్డాడో లేదో ముఖంలో తెలియలేదు. సంతోషం చూపిస్తే ఆమె నొచ్చుకుంటుందని ఆగినట్టున్నాడు. రూతుకు కూడా తనది ఏడుపో, ఊపిరి పీల్చుకోవడమో అర్థం కాలేదు. ఆ పిల్లల్లో చిన్నవాడికి అన్నం తినిపించింది తానే. ఇక వాడు పెద్దవాడవడం చూడదు. ఇక్కడేమో అంజలి తన చేతి కూడు తినకుండానే పెద్దదైపోయింది.

"ఇంగ ఎట్లా బతకల్ల?" అంది.

"నువ్వు లేనప్పుడు బతకలేదా, ఉన్నప్పుడు బతుకుతాం లే." అని బాలప్ప చెప్పులు వేసుకున్నాడు. "రా, డాక్టరమ్మ నడవమన్నాది."

ఎండ దిగిన తర్వాత ఇద్దరూ ఎండిన చేల మధ్య బండ్ల బాటన నడిచారు. గాలికి ఎర్రమట్టి లేస్తోంది. దూరంగా గూడ్సు బండి గుత్తి వైపు పోతోంది. బాలప్ప ముందు నడిచి, ఆమె వెనకబడిందని గమనించి, అడుగు తగ్గించాడు. కొంతదూరం పోయాక రూతు ఆగింది.

"నొప్పా?" అన్నాడు.

"నొప్పి లేదు. అలసట."

గట్టు మీద తువ్వాలు పరిచాడు. ఇద్దరూ కూచున్నారు.